పట్టికలో పేరు, కథలో మనిషి

1836లోనూ, ఆ మరుసటి ఏడూ అమెరికా ప్రభుత్వం పంపిన మదింపుదారులు జార్జియా, టెనెసీ, నార్త్ కరోలినా, అలబామా కొండల్లో చెరోకీల ఇంటింటికీ తిరిగారు. ఇల్లు ఎన్ని అడుగుల పొడవు, ఎన్ని అడుగుల వెడల్పు, మొక్కజొన్న గాదెలు ఎన్ని, పీచ్ చెట్లు ఎన్ని, ఆపిల్ చెట్లు ఎన్ని, సాగులో ఉన్న నేల ఎన్ని ఎకరాలు, ఒక్కోదానికి ఎన్ని డాలర్లు అని దస్తరాల్లో రాసుకుంటూ పోయారు. ఆ ఇంటివాళ్ళను అక్కడినుంచి వెళ్ళగొట్టాక ఎంత పరిహారం కట్టాలో తేల్చడానికి ఆ లెక్క. ఆ దస్తరాలు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. చెట్లు ఎన్నో వాటిలో ఉంది. ఆ చెట్టు నాటిన చెయ్యి ఎవరిదో లేదు. ఆ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేది ఎవరో, ఏ అల్లుడు అత్తగారి మాట పడలేక అలిగి వెళ్ళిపోయాడో, ఏ పిల్లకు చీకటంటే భయమో లేదు.

దస్తరం వదిలేసిన ఆ బతుకును కథగా రాస్తున్నవాళ్ళ గురించి ఇవాళ మాట్లాడాలనుకుంటున్నాను. వాళ్ళు చెరోకీ రచయితలు. తమ ముత్తవ్వలను, ముత్తాతలను చారిత్రక నవలల్లోకి, కథల్లోకి తీసుకువస్తున్నారు. అలాంటి కథ రాయడానికి ఏం కావాలి? రాసింది ఎవరికి నచ్చాలి? ఎవరికి జవాబు చెప్పాలి? ఈ ప్రశ్నలు పూర్వీకుల గురించి కలం పట్టే ఎవరికైనా పనికొస్తాయని నా నమ్మకం.

ముందు ఆ జాతి సంగతి కొంత చెప్పుకుందాం. అపలాచియన్ పర్వతాల దక్షిణ భాగం వాళ్ళ సొంతగడ్డ. నదుల ఒడ్డున ఊళ్ళు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి పండించే పొలాలు. జాతి మొత్తం ఏడు వంశాలు. పిల్లలది తల్లి వంశం. ఇల్లూ పొలమూ ఆడవాళ్ళవి. పెళ్ళయితే అబ్బాయే భార్యవాళ్ళింటికి వచ్చేవాడు. చోటా అనే ఊళ్ళో నాన్యేహి అనే ఆమె ఉండేది. ఇంగ్లీషువాళ్ళు ఆమెను నాన్సీ వార్డ్ అన్నారు. 1755లో క్రీక్ జాతితో జరిగిన యుద్ధంలో కళ్ళముందే భర్త నేలకూలితే, ఆమె తానే పోరుకు దిగింది. అప్పటినుంచి జాతి సభల్లో ఆమె మాటకు విలువ. 1817లో, బాగా వయసు మళ్ళాక కూడా, ఇక భూమి వదులుకోవద్దని తనవాళ్ళకు విన్నపం పంపింది.

1821 నాటికి సెక్వోయా అనే చెరోకీ, ఇంగ్లీషు చదవడం రాని మనిషి, తన భాషకు తానే ఒక లిపి తయారు చేశాడు. మొదట్లో అందులో 86 గుర్తులు. ఒక్కో గుర్తు ఒక్కో అక్షరం. గుణింతం దిద్దుకున్న మనకు ఆ ఆలోచన సులువుగానే అందుతుంది. కాకపోతే అక్కడ ప్రతి అక్షరానికీ వేరే రూపం. కొన్నేళ్ళలోనే జాతిలో చాలామంది ఆ లిపి చదవడం, రాయడం నేర్చుకున్నారు. 1827లో రాజ్యాంగం రాసుకున్నారు. 1828 ఫిబ్రవరి 21న తమ రాజధాని న్యూ ఎచోటాలో 'చెరోకీ ఫీనిక్స్' పత్రిక మొదటి సంచిక వచ్చింది. చెరోకీ, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ నడిచిన ఆ పత్రికకు సంపాదకుడు ఎలియాస్ బూడినాట్ అనే చెరోకీ యువకుడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జార్జియా కొండల్లో బంగారం బయటపడింది. 1830లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆదివాసులను మిసిసిపీ నదికి అవతలికి తరలించే చట్టం మీద సంతకం చేశాడు. చెరోకీలు కోర్టుకెక్కారు. 1832లో సుప్రీం కోర్టు, చెరోకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు చెప్పింది. తీర్పు కాగితం మీదే ఉండిపోయింది. 1835 డిసెంబరు 29న మేజర్ రిడ్జ్, ఆయన కొడుకు జాన్ రిడ్జ్, బూడినాట్‌ల వర్గంలోని కొద్దిమంది న్యూ ఎచోటాలో కూర్చుని, మొత్తం నేలను 50 లక్షల డాలర్లకు వదిలేస్తూ ఒప్పందం కుదుర్చుకున్నారు. ప్రధాన నాయకుడు జాన్ రాస్ ఒప్పుకోలేదు. జాతి సభ ఒప్పుకోలేదు. 15 వేలకు పైగా చెరోకీల పేర్లతో నిరసన పత్రం వాషింగ్టన్ చేరింది. అయినా సెనేట్ ఒకే ఒక్క ఓటు తేడాతో ఆ ఒప్పందాన్ని ఖాయం చేసింది.

1838 మే నెలాఖరున సైనికులు వచ్చారు. పొలంలో ఉన్నవాళ్ళను పొలంలోంచి, భోజనం ముందు కూర్చున్నవాళ్ళను భోజనం ముందునుంచి లేపి, కర్రల దడులు కట్టిన శిబిరాల్లోకి తోలారు. ఆ ఎండాకాలం వానల్లేక నదులు ఎండిపోయి ప్రయాణం ఆగింది. శిబిరాల్లో రక్తవిరేచనాలు, తట్టు, కోరింత దగ్గు పసిపిల్లలను, ముసలివాళ్ళను తీసుకుపోయాయి. ఆకురాలు కాలం నుంచి 13 బృందాలుగా చెరోకీలు, జాన్ రాస్ అజమాయిషీలో, ఇప్పటి ఓక్లహామా వైపు సాగిపోయారు. దారి దాదాపు 1,000 మైళ్ళు. దక్షిణ ఇల్లినాయిలో మిసిసిపీ నది మంచుగడ్డలతో నిండిపోయి, కొన్ని బృందాలు దాటలేక చలిలో వారాల తరబడి ఆగిపోయాయి. తరలించినవాళ్ళు సుమారు 16 వేలమంది. శిబిరాల్లో, దారిలో పోయినవాళ్ళు 4 వేలమంది దాకా ఉంటారని ఎక్కువమంది చెప్పే అంచనా. దాన్నే 'కన్నీటి బాట' అంటారు.

శ్రోతలారా, ఇదంతా చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. ఇక నవలా రచయిత పని ఎక్కడ మొదలవుతుందో చూద్దాం.

నేను మొదట్లో చెప్పిన మదింపు దస్తరాలు ఒక ఆధారం. ఓక్లహామా చేరాక, 1842లో, పాత ఊళ్ళలో పోగొట్టుకున్న వస్తువుల కోసం చెరోకీలు పెట్టుకున్న పరిహార అర్జీలు మరొకటి. కుండలు, ఇనప బానలు, రాట్నాలు, నాగళ్ళు, కోళ్ళు, పందులు, పళ్ళచెట్లు అన్నీ పేరుపేరునా, ధర వేసి రాయించుకున్నారు. ఒక చారిత్రక నవల రాసేవాళ్ళకు ఇంతకంటే పెద్ద నిధి ఏముంటుంది? వంటింట్లో ఏ పాత్ర ఉండేదో ఊహించక్కర్లేదు, ఇంటివాళ్ళే చెప్పారు. ఆ ఇంటావిడ ఆ పాత్రకు ధర చెప్తున్నప్పుడు గొంతు ఎలా ఉందో, అర్జీ రాసుకునే గుమాస్తా తలెత్తి చూశాడో లేదో, అది మాత్రం రచయితే పలికించాలి.

ఇంకా ఉన్నాయి. రిచర్డ్ టేలర్ నడిపించిన బృందంతో కలిసి నడిచిన డేనియల్ బట్రిక్ అనే మిషనరీ దినచర్య రాసిపెట్టాడు. ఏ రోజు ఎక్కడ ఆగారో, ఆ రోజు ఎవరు చనిపోయారో అందులో కనబడుతుంది. 1906లో ఒక కోర్టు తీర్పు ప్రకారం తూర్పు చెరోకీల వారసులకు డబ్బు పంచాల్సి వచ్చినప్పుడు 45 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. గయాన్ మిల్లర్ అనే అధికారి వాటిని పరిశీలించాడు. దరఖాస్తు పెట్టినవాళ్ళు తల్లిదండ్రులు, తాతలు, నాన్నమ్మలు, అమ్మమ్మలు, వాళ్ళ తోబుట్టువుల పేర్లు చెప్పాలి. ఆ కాగితాల్లో నాలుగు తరాల బంధుత్వం కళ్ళకు కడుతుంది. 1937లో ఓక్లహామాలో క్షేత్ర కార్యకర్తలు ముసలివాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ జ్ఞాపకాలు రాసుకున్నారు. ఇండియన్-పయనీర్ పత్రాలనే పేరుతో ఆ మాటలు ఇవాళ ఎవరైనా చదవచ్చు.

కాబట్టి చెరోకీల దగ్గర కాగితానికి కొరత లేదు. ఆ కాగితాల్లో చాలా భాగం ఎవరు రాయించారన్నదే అసలు సంగతి. 1835 జనగణన, మదింపులు, ఆ తరువాత భూమిని మనిషికింత అని ముక్కలు చేయడానికి 1898 నుంచి తయారుచేసిన డాస్ పట్టికలు, ఇవన్నీ నేలను తీసుకోబోయే ప్రభుత్వం తన అవసరం కోసం రాసుకున్నవి. పేరు విన్నట్టు విన్నట్టు రాసేశారు. ఆడవాళ్ళదైన ఇంటిని ఎన్నోసార్లు మగవాళ్ళ పేరు మీద ఎక్కించారు. అందుకే, పూర్వీకుల గురించి కథ రాసే చెరోకీ రచయిత ఆ పట్టికను చదివే తీరు వేరు. శత్రువు రాసిన లెక్కలోంచి తన ఇంటిని వెనక్కి తీసుకోవడం అది.

ఇప్పుడు కొన్ని పుస్తకాల సంగతి.

రాబర్ట్ కాన్లీ 1992లో 'మౌంటెన్ విండ్‌సాంగ్' నవల రాశాడు. నార్త్ కరోలినా కొండల్లో ఒక తాత మనవడికి కథ చెప్తుంటాడు. సైనికులు పడమటికి తోలేసిన ఒక యువకుడు, కొండల్లో దాక్కుని మిగిలిపోయిన ఒక యువతి, వాళ్ళ ప్రేమ. మధ్యమధ్యలో కాన్లీ ఒప్పందం పాఠం లాంటి అసలు పత్రాలను యథాతథంగా పెట్టాడు. తాత గొంతు వినిపించి, వెంటనే ప్రభుత్వ భాష వినిపిస్తే, చదివేవాడికి రెండింటి మధ్య దూరం ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. తాత మనవడికి చెప్పడమనే ఆ ఏర్పాటులో మరో మంచి ఉంది. కన్నీటి బాట అయిపోయిన కథగా మిగలదు. అడిగే పిల్లవాడు ఉన్నంతకాలం నడుస్తూనే ఉంటుంది.

డయాన్ గ్లాన్సీ 1996లో రాసిన 'పుషింగ్ ద బేర్' దారి మొత్తాన్ని పట్టుకుంది. అందులో ఒక్క కథకుడు లేడు. మరిటోల్ అనే యువతి, ఆమె భర్త, చుట్టాలు, ఇరుగుపొరుగు, సైనికులు, మత బోధకులు, ఒకరి తరువాత ఒకరు మాట్లాడతారు. భార్యాభర్తల మధ్య కోపం, ఆకలి, బిడ్డ పోయిన దుఃఖం అన్నీ ఆ గొంతుల్లో కలిసిపోతాయి. మధ్యమధ్యలో చెరోకీ లిపి కూడా కనిపిస్తుంది. వేలమంది నడిచిన దారికి ఒక్క గొంతు చాలదని ఆమె గుర్తించింది.

మార్గరెట్ వెర్బుల్ చెరోకీ నేషన్ పౌరురాలు. ఆమె మొదటి నవల 'మాడ్స్ లైన్' 2015లో వచ్చింది. మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి తుది జాబితాకెక్కింది. కథాకాలం 1928. ప్రభుత్వం ముక్కలు చేసి ఇచ్చిన భూమి మీద, తూర్పు ఓక్లహామాలో, ఒక యువతి జీవితం. కన్నీటి బాట అందులో తెర మీదికి రాదు. అయినా ఆ నేల మీదికి వాళ్ళు ఎలా వచ్చారో ప్రతి పేజీకీ తెలుసు. ఆమె మరో నవల 'చెరోకీ అమెరికా' 1875 నాటిది. తరలింపుకూ, ఓక్లహామా రాష్ట్రం ఏర్పడడానికీ మధ్య చెరోకీలు తమ కోర్టులు, తమ బడులు, తమ ప్రభుత్వంతో బతికిన కాలం అది. ఆ కాలంలో వాళ్ళు కుటుంబాలు సాకారు, వ్యాపారాలు చేశారు, ప్రేమించారు, తగాదాలు పడ్డారు. పూర్వీకులకు ఏడుపు తప్ప మరో బతుకు లేదన్నట్టు రాసే కథల మధ్య ఈ నవలలు ఎంత అవసరమో చెప్పలేను.

తరలింపును తప్పించుకుని నార్త్ కరోలినాలోనే మిగిలినవాళ్ళ సంతతి ఈనాటి ఈస్టర్న్ బ్యాండ్. ఆ జాతి పౌరురాలు ఆనెట్ సానూకీ క్లాప్‌శాడిల్ 2020లో 'ఈవెన్ ఆజ్ వి బ్రీద్' ప్రచురించింది. ఈస్టర్న్ బ్యాండ్ సభ్యులు రాసి ప్రచురించిన మొదటి నవల అదే. 1942లో ఆష్‌విల్ పట్టణంలోని ఒక పెద్ద హోటల్లో శత్రుదేశాల దౌత్యవేత్తలను నిర్బంధించి ఉంచారు. అది నిజంగా జరిగింది. అక్కడ పనికి కుదిరిన ఒక చెరోకీ కుర్రవాడి కథ ఆమె అల్లింది. సొంత రాష్ట్రంలో తనను ఎవరూ పూర్తి పౌరుడిగా చూడని రోజుల్లో, కంచె లోపల ఉన్న పరాయి దేశస్థులకు ఆ కుర్రవాడు సేవ చేస్తుంటాడు. దూరపు గతం అక్కర్లేదు. నాన్నమ్మ యవ్వనం కూడా చారిత్రక నవలే అని ఈ పుస్తకం చూపిస్తుంది.

బ్రాండన్ హాబ్సన్ 2021 నాటి 'ద రిమూవ్డ్'లో, పోలీసుల చేతిలో కొడుకును పోగొట్టుకున్న నేటి కుటుంబం పక్కన, తరలింపు నాటి ఒక పూర్వీకుడి ఆత్మ మాట్లాడుతుంది. ఆండ్రియా రోజర్స్ 2022లో 'మాన్ మేడ్ మాన్‌స్టర్స్' పేరుతో ఒకే చెరోకీ కుటుంబం తరతరాల కథలను భయానక కథలుగా చెప్పింది. యువ పాఠకులకు అలా చెప్పడంలో తప్పేముంది? తన నేల మీదనుంచి రాత్రికి రాత్రి లాగివేయబడిన కుటుంబానికి భయం చరిత్రే.

ఇక్కడ కొంత వెనక్కి వెళ్ళాలి. అమెరికా ఆదివాసుల్లో మొట్టమొదటి నవల రాసినవాడు చెరోకీయే. పేరు జాన్ రోలిన్ రిడ్జ్. నేను ఇందాక చెప్పిన ఒప్పందం మీద సంతకం పెట్టిన జాన్ రిడ్జ్ కొడుకు. 1839 జూన్ 22న, ఆ ఒప్పందానికి ప్రతీకారంగా, మేజర్ రిడ్జ్‌ను, జాన్ రిడ్జ్‌ను, బూడినాట్‌ను ఒకే రోజు మూడు వేర్వేరు చోట్ల చెరోకీలే చంపారు. తండ్రి హత్యను కళ్ళారా చూసిన జాన్ రోలిన్ వయసు అప్పుడు 12 ఏళ్ళు. పెద్దయ్యాక కాలిఫోర్నియా వెళ్ళి, 1854లో ఒక మెక్సికన్ బందిపోటు గురించి నవల రాశాడు. నేల పోగొట్టుకుని, అవమానపడి, పగ పట్టిన మనిషి కథ. తన ఇంటి కథ రాయలేదు. కానీ ఆ నవల చదువుతున్నప్పుడు, 12 ఏళ్ళ కుర్రవాడు చూసింది ఆ పేజీల వెనక ఉందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

ఆ హత్యల సంగతి పూర్వీకుల కథ రాసేవాళ్ళందరికీ కఠినమైన పరీక్ష. మేజర్ రిడ్జ్‌ను ఎలా రాయాలి? ఈయనే 1807లో, జాతి అనుమతి లేకుండా భూమి అమ్మిన డబుల్‌హెడ్ అనే నాయకుణ్ణి చంపినవాళ్ళలో ఒకడు. భూమి అమ్మితే మరణశిక్ష అన్న నియమానికి అండగా నిలిచినవాడు. అదే మనిషి, ఇక నిలబడలేమని నమ్మి, మొత్తం నేలను వదిలేసే కాగితం మీద తన గుర్తు పెట్టాడు. ద్రోహి అని ఒక్క మాటలో రాసేయడం సులువు. రాస్ వారసులు, రిడ్జ్ వారసులు ఇద్దరూ ఇవాళ ఒకే జాతిలో ఉన్నారు. మంచి నవల ఆ ఇద్దరూ చదివి, ఇద్దరూ బాధపడేలా, ఇద్దరూ నిజమని ఒప్పుకునేలా ఉండాలి.

దీనికంటే కఠినమైనది బానిసత్వం. 1835 జనగణనలో 16,542 మంది చెరోకీల పక్కన 1,592 మంది నల్లజాతి బానిసల లెక్క ఉంది. సంపన్న చెరోకీలు మనుషులను కొనుక్కుని తోటల్లో పని చేయించారు. ఆ బానిసలు కూడా కన్నీటి బాట నడిచారు. యజమానుల బరువు మోస్తూ నడిచారు. షూ బూట్స్ అనే చెరోకీ యోధుడు, డాల్ అనే తన బానిసతో కన్న పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వమని 1824లో చెరోకీ సభను వేడుకున్నాడు. సభ ఆ పిల్లలను విడుదల చేసింది; ఇకమీదట అలా కనవద్దని హెచ్చరించింది. డాల్ మాట ఆ రికార్డులో ఎక్కడా లేదు. ఆ కుటుంబ చరిత్రను టియా మైల్స్ అనే చరిత్రకారిణి పుస్తకంగా రాసింది. జార్జియాలో వాన్ అనే చెరోకీ కుటుంబం తోట గురించి కూడా పరిశోధించి రాసింది. ఆ తరువాత ఆమె, 'ద చెరోకీ రోజ్' పేరుతో ఆ తోట చుట్టూ అల్లిన నవలను 2015లో తీసుకువచ్చింది. కాగితం మీద నోరు లేనివాళ్ళకు నోరివ్వడానికి చరిత్రకారిణి కూడా కల్పన తలుపు తట్టింది. పూర్వీకుల మీద గౌరవమంటే వాళ్ళ తప్పులను దాచిపెట్టడం కాదని నేను నమ్ముతాను. తప్పు చేయలేని పూర్వీకుడు మనిషి కాడు, పటం. పటానికి దండ వేయగలం గాని, దాని దగ్గర నేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక బయటివాళ్ళు రాసిన సంగతి. 1976లో 'ద ఎడ్యుకేషన్ ఆఫ్ లిటిల్ ట్రీ' అనే పుస్తకం వచ్చింది. చెరోకీ తాత, నాన్నమ్మల దగ్గర పెరిగిన అనాథ ఆత్మకథ అన్నారు. లక్షలమంది చదివి కన్నీళ్ళు పెట్టుకున్నారు. రచయిత ఫారెస్ట్ కార్టర్ అసలు పేరు ఏసా కార్టర్. తెల్లజాతి ఆధిపత్యం కోసం పనిచేసిన కు క్లక్స్ క్లాన్ మనిషి, వర్ణభేదం గట్టిగా సమర్థించిన గవర్నర్ జార్జ్ వాలెస్‌కు ఉపన్యాసాలు రాసినవాడు. 1991లో ఈ సంగతి దేశమంతా తెలిశాక ఆ పుస్తకాన్ని అమ్మకాల జాబితాలో నిజ కథల వరుసలోంచి కల్పన వరుసలోకి మార్చారు. అందులో అమాయకమైన అడవి మనుషులున్నారు. రాజ్యాంగం రాసుకున్న, పత్రిక నడిపిన, కోర్టులో వాదించిన చెరోకీలు లేరు.

నార్త్ కరోలినాలోని చెరోకీ పట్టణంలో 1950 నుంచి 'అన్టు దీజ్ హిల్స్' అనే నాటకం ఆరుబయట ఆడుతున్నారు. అందులో ముఖ్యమైన ఘట్టం త్సాలీ త్యాగం. తరలింపు సమయంలో సైనికులను చంపి కొండల్లోకి పారిపోయిన త్సాలీ, మిగిలినవాళ్ళను ఆ కొండల్లోనే ఉండనిస్తారన్న మాట కోసం తనంతట తానే లొంగిపోయాడని కథ. అప్పటి సైన్యం ఉత్తరాలు చూస్తే, అతణ్ణి ఇతర చెరోకీలే పట్టుకున్నారని, 1838 నవంబరులో చంపేశారని ఉంది. మొదట ఆ నాటకం రాసింది బయటి మనిషి. ముఖ్య పాత్రలు చాలాకాలం తెల్లవాళ్ళే వేశారు. 2006లో కయోవా జాతికి చెందిన నాటకకర్త హనే గియోగమా దాన్ని తిరగరాశాడు. చెరోకీ నటులు ముందుకు వచ్చారు. త్సాలీ కథ రెండు రూపాల్లోనూ చెరోకీలకు ముఖ్యమే. లొంగిపోయాడని ఎందుకు చెప్పుకున్నారు? పట్టిచ్చినవాళ్ళు ఏ బెదిరింపు కింద పట్టిచ్చారు? ఈ రెండు ప్రశ్నల మధ్య ఒక గొప్ప నవలకు చోటుంది.

అమెరికాలో చాలా కుటుంబాల్లో, తమ ముత్తవ్వ చెరోకీ రాకుమారి అని చెప్పుకుంటారు. చెరోకీలకు రాజులు లేరు, రాకుమార్తెలు లేరు. ఇవాళ చెరోకీలంటే సమాఖ్య ప్రభుత్వం గుర్తించిన మూడు జాతులు: ఓక్లహామాలో చెరోకీ నేషన్, యునైటెడ్ కీటూవా బ్యాండ్, నార్త్ కరోలినాలో ఈస్టర్న్ బ్యాండ్. ఒక్క చెరోకీ నేషన్‌లోనే నాలుగున్నర లక్షలకు పైగా పౌరులున్నారు. కుటుంబ గాథ విని ప్రేమతో కథ రాయాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ముందు రికార్డు చూడండి. పట్టికలో పేరు దొరికితే, ఆ పేరుకు ఇవాళ బంధువులున్నారు. వెళ్ళి వాళ్ళ మాట వినండి. దొరక్కపోతే ఆ గాథను గాథగానే రాయండి. దాన్ని రక్తసంబంధమని చెప్పుకోవద్దు.

రాసిన కథను పంచుకోవడం దగ్గర నా మాట గట్టిగా చెప్పదలుచుకున్నాను. పూర్వీకుల మీద రాసిన కథకు మొదటి శ్రోతలు పాఠక లోకం కాదు, విమర్శకులు కాదు. ఆ పూర్వీకుల బంధువులు. ఒక సాయంత్రం వాళ్ళందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించాలి. పెద్దావిడ ఎవరో ఆపుతుంది. ఆ గింజ ఆ నెలలో నూరరు అంటుంది. మా అమ్మమ్మ వాళ్ళ మామయ్యను అలా పిలిచేది కాదు అంటుంది. ఒకరు ఈ సంగతి బయట చెప్పకూడదు అంటారు. కొన్ని పూజలు, మందులు, మంత్రాలు పుస్తకంలో ఎక్కించకూడదని చెరోకీ కుటుంబాలు అనుకుంటే, వాటిని వదిలేసే మర్యాద రచయితకు ఉండాలి. వదిలేసినంత మాత్రాన కథ బలహీనపడదు. చెప్పకూడనిది ఉన్నదని తెలిసి రాసిన వాక్యానికి ఒక బరువు వస్తుంది. ఇలా వినిపించి, దిద్దుకుని, మళ్ళీ వినిపించిన తరువాత ఆ కథ ప్రపంచానికి వెళ్ళాలి. చరిత్రలో తప్పు పడితే ఒక అధ్యాపకుడు దిద్దుతాడు. బంధువుల మనసులో తప్పు పడితే దాన్ని ఎవరు దిద్దుతారు?

శ్రోతల్లో కొందరి పిల్లలు జార్జియాలో, అట్లాంటాకు ఉత్తరాన, ఫోర్సిత్ కౌంటీలో, ఆ చుట్టుపక్కల ఇళ్ళు కొనుక్కుని ఉంటున్నారు. మనవాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ప్రాంతం అది. ఆ నేల 1830ల దాకా చెరోకీలది. 1832లో జార్జియా ప్రభుత్వం, చెరోకీలు ఇంకా ఇళ్ళలో ఉండగానే, ఆ నేలను 160 ఎకరాల చెక్కలుగా, బంగారం ఉన్నచోట 40 ఎకరాల చెక్కలుగా కోసి, లాటరీ తీసి తెల్లవాళ్ళకు పంచేసింది. అక్కడ బడికి వెళ్తున్న మన పిల్లలకు ఇది తెలియాలి. రాజధాని న్యూ ఎచోటా ఉన్న చోటు ఇవాళ కాల్హౌన్ పట్టణం దగ్గర చారిత్రక స్థలంగా ఉంది. సెలవురోజున కారులో వెళ్ళి రావచ్చు. అక్కడికి వెళ్ళేముందు పిల్లలచేత, వాళ్ళ వయసుకు తగినట్టు, ఆండ్రియా రోజర్స్ పుస్తకమో, క్లాప్‌శాడిల్ నవలో చదివించండి. మనం ఇల్లు కట్టుకున్న నేల మీద ముందు ఎవరు బతికారో తెలుసుకోవడం కనీస ధర్మం.

'చెరోకీ ఫీనిక్స్' పత్రిక ఇవాళా వస్తోంది. సెక్వోయా లిపి సెల్‌ఫోన్లలో పనిచేస్తోంది. చెరోకీ భాషలోనే పాఠాలు చెప్పే బడులు ఓక్లహామాలోనూ, నార్త్ కరోలినాలోనూ నడుస్తున్నాయి. ఎందుకంటే పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఆ బడుల్లో చదువుతున్న పిల్లల్లో ఎవరో ఒకరు తమ పెద్దల కథను ఆ లిపిలోనే నవలగా రాస్తారన్న ఆశ నాకుంది. ఆ నవలకు వాళ్ళు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఒక్క తమ బంధువుల అనుమతి తప్ప. ఈలోగా, ఇప్పటికే వచ్చిన పుస్తకాలను చదవడం, ఎవరు రాశారో చూసి చదవడం, చదివినదాన్ని ఇంట్లో నలుగురికీ చెప్పడం మన వంతు. ఇవాళ్టి నుంచే ఆ పని మొదలుపెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను.